క్లౌ దొర తవ్వించిన మూడున్నర మైళ్లు

ఆదికాండము 26వ అధ్యాయంలో ఇస్సాకు చేసిన ఒక పని గురించి మన మందిరాల్లో ప్రసంగాలు ఎక్కువగా వినబడవు. తన తండ్రి అబ్రాహాము కాలంలో తవ్విన బావులను ఫిలిష్తీయులు మట్టి పోసి పూడ్చేశారు. ఇస్సాకు వాటిని తిరిగి తవ్వించాడు. తండ్రి పెట్టిన పేర్లనే వాటికి మళ్లీ పెట్టాడు. తర్వాత అతని పనివారు తవ్విన ఒక బావి దగ్గర గెరారు కాపరులు జగడానికి వచ్చారు. ఇస్సాకు దాన్ని వదిలి ముందుకు జరిగాడు. ఇంకో బావి దగ్గరా అదే జరిగింది. మూడోసారి తవ్వినప్పుడు ఎవరూ జగడమాడలేదు. ఆ బావికి రహెబోతు అని పేరు వచ్చింది. పూడిన దాన్ని మళ్లీ తవ్వడం, అడ్డు వస్తే పక్కకు జరిగి మళ్లీ గడ్డపార పట్టడం కూడా విశ్వాసి చేసే పనేనని ఆ అధ్యాయం మనకు చూపిస్తుంది.

మన నిజామాబాద్ జిల్లా వారికి పూడిక అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్‌లో మొదట 29 టీఎంసీలకు పైగా నీళ్లు నిలిచేవి. బోధన్ చెరకు తోటలు, 1937లో వచ్చిన అక్కడి చక్కెర ఫ్యాక్టరీ ఆ నీళ్ల మీదే బతికాయి. నలభై ఏళ్లు గడిచేసరికి ఆ జలాశయంలో సగానికి పైగా మట్టి చేరింది. 12 టీఎంసీలు కూడా పట్టని స్థితి వచ్చింది. నీటి మట్టం పెంచి కొంత నిలువను తిరిగి తెచ్చుకున్నారు, కాలువలకు మరమ్మతులు చేశారు. అయినా చివరి ఆయకట్టు రైతు ఇప్పటికీ నీళ్ల కోసం ఎదురు చూస్తూనే ఉంటాడు. భీమ్‌గల్ వైపు కప్పలవాగు మీద ఆధారపడిన ఊళ్లలోనైతే, వాగు ఎండిన ఏడాది ఇంటికొకరు గల్ఫ్ బాట పట్టడం మనకు తెలిసిందే.

అందుకే ఈ వారం మన తెలుగు నేల మీద పూడిపోయి, తిరిగి తవ్వేవారి కోసం ఎదురు చూస్తున్న మరో పాత కాలువను గుర్తు చేసుకుందాం. అది కోస్తాలో సముద్రం పక్కన సాగే బకింగ్‌హాం కాలువ. మనకూ దానికీ సంబంధం ఏమిటని అడగవచ్చు. ఆ కాలువలో మూడున్నర మైళ్లను తవ్వినవారు ఆకలితో ఉన్న తెలుగు మాదిగలు. వారికి ఆ పని ఇప్పించినవాడు ఒక దైవసేవకుడు. తెలుగు సంఘ చరిత్రలో ఒక గొప్ప అధ్యాయం ఆ కాలువ గట్టు మీద మొదలైంది. ఆయన పేరు జాన్ ఎవరెట్ క్లౌ. మన పెద్దలు క్లౌ దొర అనేవారు.

గొలుసు పట్టిన కుర్రవాడు

క్లౌ 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పల్లెలో పుట్టాడు. చిన్నతనంలోనే కుటుంబం పడమర దిక్కుగా వలస వెళ్లి అయోవాలో స్థిరపడింది. పదిహేడు, పద్దెనిమిదేళ్ల వయసులో అతను ప్రభుత్వ భూముల కొలతల బృందంలో చేరాడు. మిన్నెసోటా అడవుల్లో గొలుసు పట్టుకొని నడిచే పనితో మొదలుపెట్టి, కొలతలు తీయడం, ఎత్తుపల్లాలు లెక్కకట్టడం, మనుషులను జట్టుగా నడిపించడం నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో అతనికి దేవుని మీద పెద్ద ఆసక్తి లేదు. లాయరు కావాలన్నది అతని కోరిక.

చదువుకోవడానికి బర్లింగ్టన్ వెళ్లినప్పుడు అతని జీవితం మలుపు తిరిగింది. అక్కడ ప్రభువును ఎరిగి 1858లో బాప్తిస్మం పొందాడు. లాయరు చదువు పక్కకు పోయింది. హారియట్ సండర్లాండ్‌ను వివాహం చేసుకున్నాడు. మిషనరీగా వెళ్లాలన్న పిలుపు అతని మనసులో బలపడింది.

అడవుల్లో నేర్చుకున్న కొలతల విద్య ఇక పనికిరాదని అప్పట్లో ఎవరైనా అనుకొని ఉంటారు. దేవుడు మాత్రం ఆ విద్యను ఇరవై ఏళ్ల తర్వాత ఒంగోలు దగ్గర వాడుకున్నాడు.

ఒంటరి నక్షత్రం

అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1830లలో మొదలై, 1840 నుంచి నెల్లూరు కేంద్రంగా నడిచింది. ఏళ్లు గడిచినా ఫలం కనిపించలేదు. 1853లో ఆ మిషన్‌ను మూసేద్దామా అనే చర్చ అమెరికాలో జరిగింది. పటం మీద తెలుగు దేశంలో ఆ మిషన్‌కు ఉన్నది ఒకే ఒక్క కేంద్రం. ఆకాశంలో ఒంటరి నక్షత్రంలా ఉందని దానికి ఆ పేరే నిలిచిపోయింది. మూసివేత మాట 1862లో మళ్లీ వచ్చింది. నెల్లూరులో పనిచేసిన లైమన్ జ్యూయెట్ ఆ సమయంలో పట్టు విడవలేదు. మిషన్ మూసేసినా తాను ఒక్కడే తిరిగి వెళ్తానన్న ఆయన పట్టుదల ముందు పెద్దలు తగ్గారు.

ఆ జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు కలిసి 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలులో ఒక కొండ ఎక్కి, ఆ ప్రాంతానికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. ఆ ప్రార్థన చేసిన రోజున క్లౌ ఇంకా దేవుణ్ణి ఎరగని కుర్రవాడు.

క్లౌ 1864 చివర్లో జ్యూయెట్‌తోనే ఓడ ఎక్కి 1865లో నెల్లూరు చేరాడు. తెలుగు నేర్చుకొని 1866లో ఒంగోలుకు మకాం మార్చాడు.

రెండు దారుల మధ్య

ఒంగోలులో మొదట అతని దగ్గరికి వచ్చినవారు పై కులాల పిల్లలు. బడికి వచ్చారు, మాటలు విన్నారు. పట్టణంలో పెద్దల ఆదరణ కూడా దొరికింది. పని బాగా సాగుతుందని క్లౌ ఆశపడ్డాడు.

అదే సమయంలో ఒంగోలుకు పడమరగా ఉన్న తాళ్లకొండపాడు నుంచి ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ వచ్చాడు. తోళ్ల వ్యాపారం చేసుకునేవాడు. చదువు లేదు కానీ దేవుని కోసం చాలా కాలంగా వెదుకుతున్నవాడు. 1866లో బాప్తిస్మం పొంది ఊరికి వెళ్లి, తన బంధువులందరికీ సువార్త చెప్పాడు. క్లౌ 1867 జనవరిలో ఆ ఊరి దగ్గర గుడారం వేసినప్పుడు చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చినవారిలో 28 మంది బాప్తిస్మం పొందారు.

ఈ వార్త ఒంగోలు చేరగానే పై కులాలవారు వెనక్కి తగ్గారు. మాదిగలను చేర్చుకుంటే తమ పిల్లలు రారని తేల్చి చెప్పారు. బడి ఖాళీ అయింది. క్లౌకు అది పెద్ద దెబ్బ. పట్టణంలో పలుకుబడి ఉన్నవారు ఒక పక్క, ఊరి చివర గుడిసెల్లో ఉన్నవారు ఒక పక్క. ఆ రోజుల్లో అతను, అతని భార్య వేర్వేరు గదుల్లో ప్రార్థన చేసుకుంటూ బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో అదే భాగం కనిపించిందని ఆ కుటుంబం చెప్పుకునేది. లోకంలో బలహీనులను, నీచులుగా ఎంచబడినవారిని దేవుడు ఏర్పరచుకోవడం గురించి పౌలు రాసిన భాగం అది. దాంతో వారి సందేహం తీరింది. వచ్చినవారిని వచ్చినట్టే చేర్చుకోవాలని నిర్ణయించుకున్నారు.

ఇక్కడ ఒక మాట గమనించాలి. ఊరి చివర గుడిసెల్లోకి సువార్తను తీసుకువెళ్లినవాడు పేరయ్య. క్లౌ చేసిన పని ఆ దారికి అడ్డు పెట్టకపోవడం. సంఘ చరిత్ర చెప్పేటప్పుడు దొరల పేర్లే ముందు వస్తాయి. పేరయ్యల పేర్లు కూడా ముందు వరుసలో ఉండాలి.

ధాత కరువు

1876లో వానలు పడలేదు. అది ధాత నామ సంవత్సరం. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకున్నది దాన్నే. మద్రాసు రాజధాని జిల్లాల్లో, పక్కనున్న మైసూరులో, ఇటు నిజాం రాజ్యంలో, బొంబాయి వైపు కూడా రెండేళ్ల పాటు లక్షలాది మంది ఆకలితోను, కలరాతోను చనిపోయారు. ప్రభుత్వం కరువు పనులు పెట్టింది. ఖర్చు తగ్గించే పేరుతో 1877 ఆరంభంలో కూలి కింద ఇచ్చే ధాన్యాన్ని మనిషికి రోజుకు ఒక పౌనుకు, అంటే అర కిలో కన్నా తక్కువకు కుదించారు. కొద్దిపాటి డబ్బు దానికి తోడు. ఆ కూలి నిర్ణయించిన అధికారి రిచర్డ్ టెంపుల్. రోజంతా మట్టి మోసే మనిషికి అది చాలదని మద్రాసు వైద్యాధికారులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. కొన్ని నెలలకు గానీ కూలి పెరగలేదు.

ఒంగోలు చుట్టుపక్కల మాదిగల పరిస్థితి మరీ ఘోరం. వారికి భూమి లేదు, గాదెలో గింజ లేదు. పశువులు చచ్చాక తోలు పని కూడా లేదు. కరువు పనులకు వెళ్తే అక్కడ పని చూసే మేస్త్రీలు పై కులాలవారు. తిట్లు, దెబ్బలు, కూలిలో కోత. కొందరు అది భరించలేక ఖాళీ కడుపుతోనే తిరిగి వచ్చారు.

అప్పుడు క్లౌ ఇంజినీర్ల దగ్గరికి వెళ్లాడు. కృష్ణా కాలువలను మద్రాసుతో కలిపే తీర కాలువ పని అప్పుడు సాగుతోంది. ఆ కాలువకు మూలం 1806లోనే మద్రాసు నుంచి ఎన్నూరు వరకు బేసిల్ కాక్రేన్ అనే వ్యాపారి తవ్వించిన చిన్న కాలువ. తర్వాత ప్రభుత్వం దాన్ని తీసుకొని ముక్కలు ముక్కలుగా పొడిగించింది. మధ్యలో తవ్వని భాగాలు మిగిలాయి. కరువు కూలీల చేత ఆ ఖాళీలను పూరించాలని సర్కారు నిర్ణయించింది. క్లౌ అందులో మూడున్నర మైళ్ల భాగాన్ని తానే గుత్తకు తీసుకున్నాడు. ఒక పాస్టరు కాలువ కాంట్రాక్టరు కావడం ఏమిటని ఎవరైనా ముక్కున వేలేసుకొని ఉండవచ్చు. మిన్నెసోటా అడవుల్లో గొలుసు పట్టిన కుర్రవాడికి మాత్రం ఆ పటాలు, ఆ కొలతలు కొత్త కాదు.

అతను తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. ఒక్కొక్కరికి ఒక్కో ముఠా. మగవారు గడ్డపారలతో తవ్వారు, ఆడవారు తట్టలతో మట్టి మోసి గట్టు మీద పోశారు. క్రైస్తవులు, క్రైస్తవులు కానివారు అందరికీ పని ఇచ్చారు. చేసిన పనికి రావలసిన కూలి చేతికి వచ్చింది, మధ్యలో ఎవరూ తినలేదు. వేలాది మంది ఆ శిబిరానికి వచ్చారు. కొంత కాలం పనిచేసి, నాలుగు గింజలు కూడగట్టుకొని, ఊళ్లకు వెళ్లి మిగతా కుటుంబాన్ని తీసుకువచ్చారు. మధ్యాహ్నం ఎండలో పని ఆపి కూర్చున్నప్పుడు, రాత్రి గుడిసెల ముందు, బోధకులు కూలీల పక్కనే కూర్చొని యేసుక్రీస్తు గురించి మాట్లాడేవారు. తిట్టని మేస్త్రీని, కూలిలో కోత పెట్టని మేస్త్రీని ఆ జనం అంతకు ముందు చూడలేదు. వారు విన్న మొదటి ప్రసంగం ఆ ప్రవర్తనే.

పదిహేను నెలలు మూసి ఉంచిన తలుపు

ఇక్కడే క్లౌ జీవితంలో అన్నిటికన్నా కష్టమైన నిర్ణయం ఎదురైంది. కాలువ పని చేస్తున్న జనంలో చాలామంది బాప్తిస్మం కోరారు. ఊళ్లకు ఊళ్లే అడిగాయి. ఏళ్ల తరబడి ఫలం లేక మూసేద్దామనుకున్న మిషన్ అది. లెక్కలు అమెరికాకు పంపితే సంతోషించేవారు ఎందరో. అయినా క్లౌ ఒప్పుకోలేదు. తన చేతిలో కూలి డబ్బు, కరువు సహాయం ఉన్నంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వకూడదని నిర్ణయించుకున్నాడు. సుమారు పదిహేను నెలల పాటు ఆ తలుపు మూసే ఉంచాడు.

ఎందుకు? ఆకలితో ఉన్న మనిషి అన్నం పెట్టిన చేతికి కాదనలేడు. అతని నోట వచ్చే ఒప్పుకోలు హృదయం నుంచి వచ్చిందో కడుపు నుంచి వచ్చిందో అతనికే తెలియకపోవచ్చు. సహాయం చేసేవాడు ఆ బలహీనతను వాడుకుంటే అది ఆత్మల రక్షణ కాదు, బేరం. క్లౌ ఆ బేరానికి దిగలేదు.

1878లో వానలు పడ్డాయి, కరువు సహాయం ముగిసింది. ఇక పంచడానికి ఏమీ లేదని క్లౌ అందరికీ తెలియజేశాడు. అప్పుడు ఎవరు వస్తారో చూడాలనుకున్నాడు. వేలల్లో వచ్చారు. ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర జనం కూడారు. బోధకులు ఊరూరి వారిని వేరువేరుగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరిని ప్రశ్నించి, తమకు తెలిసినవారేనా, మనసు మారిందా అని పరిశీలించారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం పొందారు. మూడు రోజుల్లో మొత్తం 3,536 మంది. జూలై 3న ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరి చొప్పున వంతులు వేసుకొని, నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చారు. ఆ ఏడాది చివరికి ఈ సంఖ్య తొమ్మిది వేలు దాటింది. 1880ల తొలినాళ్లకు ఒంగోలు సంఘ సభ్యులు 20 వేలకు మించారు. ప్రపంచంలోనే అతి పెద్ద బాప్టిస్టు సంఘంగా దాన్ని చెప్పుకున్నారు.

అయినా విమర్శ ఆగలేదు. వీరంతా కరువు క్రైస్తవులని బయటివారు అన్నారు. తొందరపడ్డాడని తోటి మిషనరీల్లో కొందరు కూడా తప్పుపట్టారు. మనిషి హృదయాన్ని చూడగలిగేది దేవుడొక్కడే గనుక ఆ వాదాన్ని మనం తేల్చలేం. ఒక్కటి మాత్రం చెప్పగలం. మనిషి చేయగలిగిన జాగ్రత్త క్లౌ తీసుకున్నాడు. తన చేతిలో గింజ ఉన్నంత వరకు తలుపు తెరవలేదు.

తర్వాతి ఏళ్లలో అతను బడులు పెట్టించాడు, బోధకులను తయారుచేశాడు, ఉన్నత విద్య కోసం అమెరికా సంఘాల దగ్గర నిధులు సేకరించాడు. 1893లో భార్య హారియట్ కన్నుమూసింది. ఆ తర్వాత ఎమ్మా రౌషెన్‌బుష్‌ను వివాహం చేసుకున్నాడు. చివరి ఏళ్లలో కాలు విరిగి నడవలేని స్థితికి వచ్చాడు. 1910 నవంబరు 24న అమెరికాలోని రోచెస్టర్‌లో ప్రభువునందు నిద్రించాడు. ఒంగోలులో అతని పేరుతో ఆసుపత్రి వెలిసింది.

కాలువకు ఏమైంది

క్లౌ మనుషులు తవ్విన కాలువకు 1878లో అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. తవ్వినవారి పేరు ఎవరూ పెట్టలేదు. పెదగంజాం నుంచి తమిళనాడులోని మరక్కాణం వరకు దాదాపు 420 కిలోమీటర్లు సాగే ఆ కాలువ, కొమ్మమూరు కాలువ ద్వారా కృష్ణా డెల్టాతోను, అక్కడి నుంచి గోదావరి కాలువలతోను కలిసింది. కాకినాడ నుంచి మద్రాసు దాకా పడవ ప్రయాణానికి దారి ఏర్పడింది. బియ్యం, ఉప్పు, సరుగుడు కట్టెలు ఆ దారిలో వెళ్లేవి. గాలి లేనప్పుడు పడవవాళ్లు గెడలు వేసేవారు, లేదా ఒడ్డున నడుస్తూ తాళ్లతో లాగేవారు.

ఆ కాలువ సముద్రం పక్కనే సాగుతుంది. దారిలో నదులు, వాగులు అడ్డంగా వచ్చి ఇసుక పోస్తాయి. లాకులు కాపాడుతూ, ఏటా పూడిక తీస్తేనే అది బతుకుతుంది. రైలు, లారీ వచ్చాక పడవల ఆదాయం తగ్గింది. ఆదాయం తగ్గాక పూడికతీత తగ్గింది. 1960ల నడిమి తుపానులు, ఆ తర్వాత వచ్చినవి గట్లను కోసేశాయి. చెన్నైలో అది మురికి కాలువగా మారింది. నగర రైలు మార్గం స్తంభాలు దాని మధ్యలోనే నిలిచాయి. పల్లెల వైపు తుమ్మ చెట్లు, ఆక్రమణలు మిగిలాయి.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు అందరూ మరిచిన ఆ కాలువ ఒక మేలు చేసింది. అలల నీటిని చాలా చోట్ల తనలోకి తీసుకొని, మెల్లగా సముద్రంలోకి తిరిగి పంపింది. దాని వెనక ఉన్న ఊళ్లు ఆ రోజు కొంత తేలికగా బయటపడ్డాయి. కాలువను బాగు చేయాలన్న మాటకు ఆ తర్వాత బలం వచ్చింది. 2008 నవంబరులో కాకినాడ నుంచి పుదుచ్చేరి వరకు కాలువలను, గోదావరి, కృష్ణా నదుల్లో కొంత భాగాన్ని కలిపి 1,078 కిలోమీటర్ల నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. 2016 చట్టం దాన్ని ఇంకా పొడిగించింది. 2017 అక్టోబరులో కృష్ణా నది మీద ముక్త్యాల నుంచి విజయవాడ వరకు తొలి దశకు శంకుస్థాపన జరిగింది. అది ముందడుగే. బకింగ్‌హాం కాలువ మాత్రం చాలా చోట్ల ఇంకా పూడికలోనే ఉంది. తక్కువ ఎత్తు వంతెనలు, పాడైన లాకులు, ఆక్రమణలు, భూసేకరణ, ఖర్చు, ఒక్కొక్కటీ ఒక్కో అడ్డు. ఇస్సాకు పనివారికి రెండు బావుల దగ్గర ఎదురైన జగడాలు గుర్తొస్తాయి. మూడో బావి వరకు వెళ్లే ఓపిక మన కాలానికి ఉందా అన్నదే ప్రశ్న.

మన వైపు చూసుకుంటే

ఇలాంటి సాక్ష్యం కోస్తాకే పరిమితం కాదు. మన పొరుగున మెదక్‌లో కరువు కాలంలో చార్లెస్ పాస్నెట్ ఊరికే అన్నం పంచకుండా, పనికి అన్నం పెట్టి మహాదేవాలయం కట్టించాడు. 1914లో మొదలైన ఆ పని ముగిసి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. ఆ రాళ్లు మోసినవారి మనవలు, మునిమనవలు ఇప్పుడు మన సంఘాల్లో కూర్చుంటున్నారు. మనలో చాలామంది పూర్వికులు ఒకప్పుడు తట్ట మోసి బతికినవారే. దాన్ని దాచుకోవలసిన పని లేదు.

క్లౌ జీవితం నుంచి మన సంఘాలు మూడు సంగతులు తీసుకోవచ్చు.

మొదటిది, పని. మన ఊళ్లలో ఉపాధి హామీ కింద కాలువల్లో, చెరువుల్లో పూడిక తీసే కూలీలు మన విశ్వాసులే. ఎండాకాలంలో వారికి నీడ, నీళ్లు, రావలసిన కూలి సకాలంలో అందుతున్నాయా అని అడగడం పాస్టరు పని కాదనుకోవద్దు. మస్టరులో పేరు పడకపోతే వెంట వెళ్లి అధికారిని మర్యాదగా అడగడం కూడా పరిచర్యే. వానలకు ముందు మన చర్చి ఉన్న వీధి కాలువలోనో, ఊరి చెరువు తూములోనో ఒక శనివారం యౌవనస్థులు పార పట్టుకుంటే ఊరంతటికీ మేలు.

రెండోది, సహాయం. కరోనా కాలంలో మన సంఘాలు బియ్యం, కూరగాయలు పంచాయి. మంచిదే. ఆ సంచి ఇచ్చేటప్పుడు, తీసుకున్నవారు వచ్చే ఆదివారం మందిరానికి రావాలని మనసులో ఒక లెక్క వేసుకున్నామా? మన పొరుగువారు మన మీద మోపే నింద అదే. మాటలతో ఆ నిందకు జవాబు చెప్పలేం. క్లౌ పదిహేను నెలలు ఆగి జవాబు చెప్పాడు. సహాయానికీ, సంఘ సభ్యత్వానికీ మధ్య అంత దూరం పెట్టగల ధైర్యం మనకు కావాలి.

మూడోది, మన లోపలి పూడిక. క్లౌ దగ్గరికి వచ్చినవారిని పై కులాలు వద్దన్నాయి. అతను చేర్చుకున్నాడు. నూట నలభై ఏళ్లు దాటాయి. ఇప్పటికీ మాదిగలకు ఒక మందిరం, మాలలకు ఒక మందిరం అన్నట్టు నడిచే ఊళ్లు మన తెలుగు నేల మీద ఉన్నాయి. సంబంధాలు చూసేటప్పుడు, పెద్దలను ఎన్నుకునేటప్పుడు ఆ మట్టి బయటపడుతుంది. ఈ విషయంలో క్లౌ తరం కూడా పూర్తిగా గెలవలేదు. గుండ్లకమ్మలో దిగిన నీళ్లు ఒక్కటే, ఒడ్డుకు వచ్చాక ఎవరి పల్లె వారిదే అయింది. ఆ పూడిక తీసే పని మన తరానికి మిగిలింది.

ఒకసారి తవ్వి వదిలేస్తే కాలువ నిలవదు. నిజాంసాగర్ అదే నేర్పింది, బకింగ్‌హాం కాలువా అదే నేర్పింది. ఏటా ఎవరో ఒకరు లోపలికి దిగి మట్టి తీయాలి. సంఘమూ అంతే. క్లౌ, పేరయ్య, పేర్లు తెలియని ఆ వేలాది కూలీలు తమ వంతు తవ్వి వెళ్లారు.

ఈ ఆదివారం ఆరాధనలో మట్టి పని చేసే మన అన్నదమ్ముల కోసం, అక్కచెల్లెళ్ల కోసం, పని లేక గల్ఫ్‌కు వెళ్లిన మన బిడ్డల కోసం, మన ఊరి వాగులు, కాలువలు నిండడం కోసం ప్రార్థన చేద్దాం. ప్రార్థన ముగిశాక, మన దగ్గర ఏ కాలువ పూడిందో ఒకసారి వెళ్లి చూసి వద్దాం. ప్రభువు మనకు అందుకు కావలసిన ఓపికను అనుగ్రహించును గాక. ఆమేన్.